కెర్నల్ మారాక ఎస్ఎస్‌డీ మాయమవుతోంది: డ్రైవ్ పోయినట్టేనా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఉబుంటు 22.04 (లైనక్స్) ఉన్న ల్యాప్‌టాప్, 512 జీబీ ఎన్‌వీఎంఈ (పీసీఐ దారిలో నడిచే వేగమైన రకం) ఎస్ఎస్‌డీ. కెర్నల్ (లైనక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే ముఖ్య ప్రోగ్రామ్) 6.5 నుంచి 6.8కి మారిన రోజు నుంచి పది ఇరవై నిమిషాలు పనిచేశాక అంతా బిగుసుకుపోతోంది. ఏది సేవ్ చేయబోయినా ‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటోంది. రీస్టార్ట్ చేస్తే ఒకసారి మామూలుగా వస్తోంది, ఇంకోసారి నల్ల తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు సిస్టమ్ లేవడానికి ముందు మెమరీలోకి వచ్చే చిన్న సిస్టమ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతోంది. రిపేరు కొట్లో చూపిస్తే ఎస్ఎస్‌డీ పోయింది, మార్చాలన్నారు. ఫార్మాట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా అని అడిగారు.

ఫార్మాట్ వద్దు. డ్రైవ్ మార్చడం కూడా ఇప్పుడే వద్దు. డ్రైవ్ పోలేదనడానికి మీ ప్రశ్నలోనే ఆధారం ఉంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్ కనిపించిందంటే గ్రబ్ (కెర్నల్‌ని ఎక్కించే బూట్ ప్రోగ్రామ్), కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మూడూ ఆ ఎస్ఎస్‌డీ మీంచే వచ్చాయన్నమాట. డ్రైవ్ చచ్చిపోయి ఉంటే బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) దగ్గరే ‘నో బూటబుల్ డివైస్’ అని ఆగేది. బయోస్‌కి సొంతంగా ఒక చిన్న డ్రైవర్ ఉంటుంది. డ్రైవ్‌ని నిద్రపుచ్చే ఆలోచనేమీ పెట్టుకోకుండా కావలసింది చదివేసి తప్పుకుంటుంది. తర్వాత లైనక్స్ వచ్చి కంట్రోలర్‌ని (డ్రైవ్‌ని నడిపే చిప్‌ని) రీసెట్ చేసి, తన పద్ధతిలో మొదలుపెట్టి, పని లేనప్పుడల్లా నిద్రపుచ్చుతూ ఉంటుంది. మీ రెండు లక్షణాలూ ఈ రెండు చోట్లే వస్తున్నాయి: రీసెట్ చేశాక లేవకపోవడం, నిద్రపోయి లేవకపోవడం. కాబట్టి ముందు అనుమానించాల్సింది పవర్ పొదుపుని.

కింద కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే, గీతలూ చుక్కలూ ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి.

ముందు పాత కెర్నల్‌తో బూట్ చేయండి

ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేయకండి, పూర్తిగా ఆపండి. బిగుసుకుపోయి ఉంటే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బస్సు (డ్రైవ్‌ని ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ దారి) మీంచి పడిపోయిన ఎన్‌వీఎంఈ కంట్రోలర్‌కి కరెంటు పూర్తిగా తెగితే తప్ప బుద్ధి రాదు. ఉత్త రీస్టార్ట్‌లో స్లాటుకి కరెంటు అలాగే ఉండిపోవచ్చు. మీకు ఒకసారి బాగా వచ్చి ఇంకోసారి రాకపోవడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది.

ఆన్ చేశాక కంపెనీ బొమ్మ కనిపించగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. టపటపా నొక్కితే మెనూ దాటిపోయి గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు. అలా పడితే ‘నార్మల్’ అని కొట్టి ఎంటర్ నొక్కి, వెంటనే మళ్లీ ఒకసారి ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు’లోకి వెళ్లి 6.5 వరస ఎంచుకోండి. రికవరీ మోడ్ అని ఉన్నది కాదు, మామూలుది. లోపలికొచ్చాక ‘యూనేమ్ -ఆర్’ కొట్టి ఏ కెర్నల్ నడుస్తోందో చూసుకోండి.

పాత కెర్నల్ మీద రెండు రోజులు మామూలు వాడకంలో ఒక్కసారి కూడా పడిపోకపోతే డ్రైవ్ హార్డ్‌వేర్ దాదాపు నిర్దోషి. పాతదాని మీదా పడిపోతే కెర్నల్ అప్‌డేట్ కాకతాళీయం. అప్పుడు డ్రైవ్, స్లాటు, వేడి వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఇంటర్నెట్‌లో దొరికిన బూట్ పారామీటర్లన్నీ (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే సెట్టింగులు) ఒకేసారి అతికించేవాళ్లు చాలామంది. ఏది పనిచేసిందో చివరికి వాళ్లకే తెలియదు.

ఈలోగా ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ జోలికి పోకండి. అది పాత కెర్నల్‌ని ఊడ్చేస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదు.

డేటా, ఆ తర్వాత డ్రైవ్ ఆరోగ్యం

పాత కెర్నల్‌లో ఉండగానే హోమ్ ఫోల్డర్‌ని బయటి హార్డ్ డిస్కుకి కాపీ చేసుకోండి. ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని రిపేరు చేసే కమాండ్) లాంటివి దీని తర్వాతే. డ్రైవ్ నిజంగానే పాడవుతున్నదైతే రిపేరు పేరుతో దాని మీద రాయడం ఉన్నదీ పోగొట్టుకోవడమే.

తర్వాత ఎన్‌వీఎంఈ-సీఎల్ఐ ప్యాకేజీ పెట్టుకుని:

సుడో ఎన్‌వీఎంఈ స్మార్ట్-లాగ్ /డెవ్/ఎన్‌వీఎంఈ0

అందులో చూడాల్సినవి నాలుగైదే. ‘క్రిటికల్ వార్నింగ్’ సున్నా ఉండాలి. 1 అయితే స్పేర్ బ్లాకులు అయిపోవచ్చాయి, 2 అయితే ఉష్ణోగ్రత హద్దు దాటింది, 4 అయితే డ్రైవ్ తన మీద తనకే నమ్మకం లేదంటోంది, 8 అయితే అదే రీడ్-ఓన్లీలోకి వెళ్లిపోయింది. 4 గానీ 8 గానీ కనిపిస్తే ఇక్కడితో చదవడం ఆపి డ్రైవ్ మార్చుకోండి. ‘అవైలబుల్ స్పేర్’ అంకె దాని కిందే ఉన్న థ్రెషోల్డ్‌కి బాగా పైన ఉండాలి. ‘మీడియా ఎర్రర్స్’ సున్నా ఉండాలి. ‘పర్సెంటేజ్ యూజ్డ్’ వంద దాటితే వారంటీ లెక్కల్లో ఆయుష్షు తీరినట్టు, అంతమాత్రాన ఆ రోజే ఆగిపోతుందని కాదు.

‘నంబర్ ఆఫ్ ఎర్రర్ లాగ్ ఎంట్రీస్’ వందల్లో ఉందని కంగారుపడే వాళ్లు చాలామంది. డ్రైవ్‌కి తెలియని కమాండ్ ఏదైనా కెర్నల్ అడిగినప్పుడల్లా అది పెరుగుతుంది. మీడియా ఎర్రర్స్ సున్నాగా ఉన్నంతవరకు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ‘అన్‌సేఫ్ షట్‌డౌన్స్’ మాత్రం రాసిపెట్టుకోండి. మీరు పవర్ బటన్ నొక్కిపట్టిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. మీరు నొక్కకుండానే పెరిగితే కరెంటు కనెక్షన్ వైపు అనుమానం వెళ్లాలి.

సాక్ష్యం పట్టుకోవడం

ఈ జబ్బులో తిరకాసు ఏంటంటే, రూట్ డ్రైవ్ (సిస్టమ్ ఉన్న డ్రైవ్) పడిపోయిన క్షణంలో ఆ సంగతి రాసుకోవడానికి డ్రైవే లేదు. అందుకే గత బూట్ లాగ్ చూపే ‘జర్నల్‌సీటీఎల్ -బీ -1’ కొడితే అంతా ప్రశాంతంగా కనిపించి, మధ్యలో వాక్యం తెగినట్టు లాగ్ ఆగిపోతుంది. ‘లాగ్‌లో ఏమీ లేదు కాబట్టి కెర్నల్ తప్పు కాదు’ అనుకోకండి. అలా తెగిపోవడం కూడా ఒక ఆధారమే.

కొత్త కెర్నల్‌తో బూట్ చేసి, కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అయ్యి కెర్నల్ సందేశాలు వచ్చినవి వచ్చినట్టు చూపే ‘సుడో డీమెస్‌జీ -డబ్ల్యూ’ నడుపుతూ వదిలేయండి. డెస్క్‌టాప్ బిగుసుకుపోయినా ఈ తెర మీద ఆఖరి వరసలు నిలిచి ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉంటే మరీ మంచిది: దాని నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా) లాగిన్ అయ్యి అదే కమాండ్ నడిపితే వరసలన్నీ అవతలి తెర మీదే ఉండిపోతాయి, కాపీ చేసుకోవచ్చు. పడిపోయాక కొత్తగా ఏ కమాండ్ కొట్టినా ‘ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’ వస్తుంది, ఎందుకంటే ఆ కమాండ్ ఫైలే డ్రైవ్ మీద ఉంది. ఇంతకుముందు వాడి మెమరీలో మిగిలినవి మాత్రం నడుస్తాయి. అందుకే పడకముందే నడిపించి పెట్టుకోమంటున్నాను.

వచ్చే వరసల్లో ఒక్క అంకె చాలా చెప్తుంది. ‘కంట్రోలర్ ఈజ్ డౌన్; విల్ రీసెట్’ అని మొదలై ‘సీఎస్‌టీఎస్=’ అని ఉంటుంది. సీఎస్‌టీఎస్ అంటే కంట్రోలర్ తన స్థితి చెప్పుకునే రిజిస్టర్.

0ఎక్స్ తర్వాత వరసగా ఎనిమిది ఎఫ్‌లు ఉంటే అది డ్రైవ్ చెప్పిన జవాబు కాదు. పీసీఐ బస్సు మీద అవతల ఎవరూ పలకనప్పుడు చదివితే అన్ని బిట్లూ ఒకట్లే వస్తాయి. అంటే డ్రైవ్ బస్సు మీంచి పడిపోయింది: గాఢనిద్ర నుంచి లేవలేదు, లేదా లింకు తెగింది.

0ఎక్స్3 అయితే సంగతి వేరు. డ్రైవ్ పలుకుతోంది, కానీ ‘నాకు ప్రాణాంతకమైన లోపం వచ్చింది’ అంటోంది. లోపలి ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌లోనే ఉండే ప్రోగ్రామ్) కుప్పకూలింది. అక్కడ ఫర్మ్‌వేర్ అప్‌డేటే మొదటి మందు.

0ఎక్స్1 వచ్చి, ముందు ‘టైమవుట్, అబార్టింగ్’ వరసలు ఉంటే కంట్రోలర్ సిద్ధంగానే ఉంది గానీ 30 సెకన్లలో ఒక కమాండ్‌కి జవాబివ్వలేదన్నమాట. వేడెక్కినా, ఫ్లాష్ చిప్ మొరాయించినా ఇలా అవుతుంది.

ఎనిమిది ఎఫ్‌లు వచ్చినప్పుడు ఈమధ్య కెర్నళ్లు తర్వాతి వరసలో ‘మీ పరికరంలో లోపమున్న పవర్ సేవింగ్ మోడ్ ఆన్ అయ్యి ఉందా?’ అని అడిగి, ఏ పారామీటర్లు పెట్టి చూడాలో కూడా చెప్తాయి. మీ ఫొటోలో ఆ వరస ఉంటే మిగతాదంతా మీ కోసమే. దాని తర్వాత వచ్చే ఎక్స్‌టీ4 (ఉబుంటు ఫైల్ సిస్టమ్) ఎర్రర్లు, ‘రీమౌంటింగ్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ’ లాంటివి పర్యవసానాలే, కారణాలు కావు. ఉబుంటు ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్‌ని ఎలా తెరవాలో రాసి ఉండే ఫైలులో) ‘ఎర్రర్స్=రీమౌంట్-ఆర్ఓ’ ఉంటుంది కాబట్టి ఫైల్ సిస్టమ్ తనను తాను కాపాడుకోవడానికి తలుపులు మూసుకుంది, అంతే.

నిద్ర లెక్క

ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లకి పీఎస్0 నుంచి సాధారణంగా పీఎస్4 దాకా పవర్ స్థాయిలుంటాయి. మొదటి రెండు మూడూ పనిచేసే స్థాయిలు, చివరివి నిద్ర. ఖాళీ దొరికితే దానంతటదే కింది స్థాయికి జారే ఏర్పాటు పేరు ఏపీఎస్‌టీ. లైనక్స్‌లోకి ఇది 2017లో 4.11 కెర్నల్‌తో వచ్చింది. మీ డ్రైవ్ స్థాయిలు చూడటానికి:

సుడో ఎన్‌వీఎంఈ ఐడీ-సీటీఆర్ఎల్ /డెవ్/ఎన్‌వీఎంఈ0

చివర్లో ‘పీఎస్’ వరసలుంటాయి. బాగా అమ్ముడైన ఒక మోడల్లో పీఎస్3కి 0.04 వాట్లు, ఎన్‌ల్యాట్ 210, ఎక్స్‌ల్యాట్ 1200. పీఎస్4కి 0.005 వాట్లు, ఎన్‌ల్యాట్ 2000, ఎక్స్‌ల్యాట్ 8000. మీ దాంట్లో అంకెలు వేరుగా ఉండొచ్చు. ఎన్‌ల్యాట్ అంటే నిద్రలోకి జారడానికి, ఎక్స్‌ల్యాట్ అంటే లేవడానికి పట్టే సమయం, మైక్రోసెకన్లలో. ఇవి కంపెనీ డ్రైవ్‌లో రాసిపెట్టిన మాటలు. కెర్నల్ ఆ మాట నమ్మి నిద్రపుచ్చుతుంది. డ్రైవ్ ఆ మాట నిలబెట్టుకోనప్పుడే మీకు వచ్చిన అవస్థ వస్తుంది.

మీ 6.8 కెర్నల్ మామూలు సెట్టింగులతో ఉంటే 100 మిల్లీసెకన్లో, కాస్త బద్ధకంగా లేచే స్థాయికైతే 2 సెకన్లో ఖాళీ దొరికినా చాలు, నిద్రలోకి పంపే ఏర్పాటు చేస్తుంది. అంటే మీరు ఒక పేజీ చదువుతుండగా డ్రైవ్ వందసార్లు పడుకుని లేస్తుంది. వందలో తొంభై తొమ్మిదిసార్లు బాగా లేచినా సరిపోదు.

మరి పాత కెర్నల్లో ఎందుకు రాలేదు? కెర్నల్ వెర్షన్ మారినప్పుడు నిద్రకి పంపే గడువులు, పీసీఐ లింకు పొదుపు, సస్పెండ్ పద్ధతి ఇలాంటివి సర్దుబాటవుతూ ఉంటాయి. ఫలానా డ్రైవ్‌ని గాఢనిద్రకి పంపొద్దనే మినహాయింపుల పట్టిక ఒకటి ఎన్‌వీఎంఈ డ్రైవర్ కోడ్‌లోనే ఉంది. పరికరం ఐడీని బట్టి అది వర్తిస్తుంది. పేరు అదే ఉంచి లోపల కంట్రోలర్ మార్చేసిన డ్రైవ్‌లు ఆ పట్టికకి చిక్కవు. బలహీనత డ్రైవ్‌లో ముందునుంచీ ఉంది, కొత్త కెర్నల్ దాన్ని ఎక్కువసార్లు తడుతోంది.

ఒక్కసారికి ఒక్క మార్పు

గ్రబ్ మెనూలో 6.8 వరస మీద నిలబడి ‘ఈ’ అక్షరం నొక్కండి. ‘లైనక్స్’ అని మొదలయ్యే పొడుగు వరస చివర, ‘క్వైట్ స్ప్లాష్’ తర్వాత ఒక ఖాళీ వదిలి ఇది చేర్చండి:

ఎన్‌వీఎంఈ_కోర్.డిఫాల్ట్_పీఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యూఎస్=0

ఎఫ్10 నొక్కితే ఈ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. తప్పు కొట్టినా నష్టం లేదు, తర్వాతి బూట్‌లో ఉండదు. లోపలికొచ్చాక ‘క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్’ కొట్టి నిజంగా ఎక్కిందో లేదో చూడండి. అండర్‌స్కోర్ బదులు ఖాళీ పడితే కెర్నల్ బూట్ ఆపి అడగదు, ముందుకు పోతుంది. ‘పారామీటర్ పెట్టినా లాభం లేదు’ అన్న ఫిర్యాదుల్లో ఇలాంటి టైపు తప్పులు కొల్లలు.

ఏపీఎస్‌టీ ఆగిందో లేదో డ్రైవ్‌నే అడగొచ్చు: ‘సుడో ఎన్‌వీఎంఈ గెట్-ఫీచర్ /డెవ్/ఎన్‌వీఎంఈ0 -ఎఫ్ 0ఎక్స్0సీ -హెచ్’. చివరి హెచ్ మాత్రం పెద్దక్షరం. వచ్చే వరసల్లో ఏపీఎస్‌టీ దగ్గర ‘డిజేబుల్డ్’ రావాలి.

ఇప్పుడు పరీక్ష. ఇక్కడే అందరూ బోల్తా పడేది. యాభై జీబీ ఫైలు కాపీ చేసి, ఏమీ కాలేదు కాబట్టి బాగైపోయింది అంటారు. పనిలో ఉన్న డ్రైవ్ పడుకోదు కదా! పరీక్షించాల్సింది ఖాళీగా వదిలి. బ్రౌజర్, సింక్ చేసే యాప్‌లు మూసేసి, రెండు నిమిషాలు ముట్టుకోకుండా ఉంచి, ఆ తర్వాత చిన్న చదువు ఒకటి చదివించండి:

సుడో డీడీ ఐఎఫ్=/డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1 ఓఎఫ్=/డెవ్/నల్ బీఎస్=4కే కౌంట్=1 ఐఫ్లాగ్=డైరెక్ట్

‘ఐఫ్లాగ్=డైరెక్ట్’ లేకపోతే మెమరీలో ఉన్న కాపీ చూపించేసి డ్రైవ్‌ని లేపదు. ఐఎఫ్, ఓఎఫ్ తారుమారు చేయకండి. ఓఎఫ్ దగ్గర డ్రైవ్ పేరు పడితే మొదటి బ్లాకులు చెరిగి పార్టిషన్ పట్టికకే ఎసరు. ఎంత సమయం పట్టిందో డీడీ చివర్లో చెప్తుంది. నిద్ర అనుమతించిన కెర్నల్లో ఖాళీ తర్వాతి మొదటి చదువుకి ఎక్కువ పట్టి, వెంటనే ఇంకోసారి కొడితే బాగా తగ్గుతుంది. ఆ తేడాయే మేలుకోవడానికి పట్టిన సమయం. ఏపీఎస్‌టీ ఆపాక ఆ తేడా దాదాపు మాయమవ్వాలి. రోజంతా మామూలుగా వాడుతూ, మధ్యమధ్య ఇలా ఖాళీగా వదులుతూ చూడండి.

పడిపోవడం ఆగితే దొంగ దొరికినట్టే. కానీ సున్నా దగ్గర ఆగిపోకండి. సున్నా అంటే నిద్రే లేదు, బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో అది దండగ. చాలాసార్లు చెడ్డది ఆఖరి స్థాయి ఒక్కటే. ఆ పారామీటర్ అర్థం ‘లేవడానికి ఇంతకన్నా ఎక్కువ సమయం పట్టే స్థాయిలు వాడొద్దు’ అని. మామూలుగా అది 1,00,000 మైక్రోసెకన్లు. పై ఉదాహరణలో 1200కీ 8000కీ మధ్య ఏ అంకె ఇచ్చినా పీఎస్3 ఉంటుంది, పీఎస్4 పోతుంది. ఇంటర్నెట్‌లో అందరూ రాసే 5500 ఇలాంటిదే. మీ డ్రైవ్ ఎక్స్‌ల్యాట్‌లు చూడకుండా 5500 పెడితే రెండూ పోవచ్చు, రెండూ ఉండిపోవచ్చు. ఆ ఉదాహరణ డ్రైవ్‌లో పీఎస్4 వదులుకుంటే నష్టం 35 మిల్లీవాట్లు. బ్యాటరీకి అది తెలియను కూడా తెలియదు.

సున్నా పెట్టినా పడిపోతే

అప్పుడు లింకు పొదుపు చూడాలి. డ్రైవ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న పీసీఐ లింకు కూడా విడిగా నిద్రపోతుంది. దాని పేరు ఏఎస్‌పీఎం. అందరూ చెప్పే సలహా ‘పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్’. పేరు చూసి అది ఏఎస్‌పీఎంని ఆపుతుందనుకుంటారు. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో దాని అర్థం వేరు: ఏఎస్‌పీఎం జోలికే పోకు, బయోస్ పెట్టింది పెట్టినట్టు ఉంచు అని. బయోస్ దాన్ని ఆన్ చేసి పెట్టి ఉంటే ‘ఆఫ్’ రాసినా అది ఆన్‌లోనే ఉంటుంది! నిజంగా ఆపాలంటే:

పీసీఐఈ_ఏఎస్‌పీఎం.పాలసీ=పెర్ఫార్మెన్స్

రీబూట్ లేకుండా చూడాలంటే /సిస్/మాడ్యూల్/పీసీఐఈ_ఏఎస్‌పీఎం/పారామీటర్స్/పాలసీ ఫైలులోకి అదే మాట రాయొచ్చు. ఆ ఫైలు చదివితే ప్రస్తుత ఎంపిక చదరపు బ్రాకెట్లలో కనిపిస్తుంది. ఫలితాన్ని ‘సుడో ఎల్ఎస్‌పీసీఐ -వీవీవీ’లో డ్రైవ్ దగ్గర ‘లింక్ కంట్రోల్’ వరసలో చూడండి, ‘ఏఎస్‌పీఎం డిజేబుల్డ్’ ఉండాలి. ‘ఎల్1 ఎనేబుల్డ్’ అనే ఉంటే మీరు పెట్టింది ఎక్కలేదు.

మూత మూసి తెరిచాకే పడిపోతుంటే, లేదా లాగ్‌లో ‘డీ3కోల్డ్ నుంచి డీ0కి మార్చలేకపోయాను’ అన్న అర్థం వచ్చే వరస ఉంటే ‘పీసీఐఈ_పోర్ట్_పీఎం=ఆఫ్’ పెట్టి చూడండి. అదీ విడిగానే.

పనిచేసిన పారామీటర్‌ని శాశ్వతం చేయడానికి /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ తెరిచి, గ్రబ్_సీఎండీలైన్_లైనక్స్_డిఫాల్ట్ వరసలో కొటేషన్ గుర్తుల లోపల చేర్చి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టండి. ఆ వరస పేరు ఫైలులో పెద్దక్షరాల్లో ఉంటుంది. ఫెడోరా లైనక్స్‌లో దీనికి గ్రబ్బీ అనే కమాండ్ ఉంది. బయోస్, డ్రైవ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు కూడా చూడండి: ‘ఎఫ్‌డబ్ల్యూయూపీడీఎంజీఆర్ గెట్-అప్‌డేట్స్’. ఛార్జర్ పెట్టి, బ్యాకప్ ఉన్నాకే ఎక్కించండి. ఫర్మ్‌వేర్‌తో సరైతే పారామీటర్ తీసేయొచ్చు, అదే అసలైన మందు.

పరీక్షల్లో చాలాసార్లు పడిపోయింది కాబట్టి చివర్లో లైవ్ యూఎస్‌బీ నుంచి బూట్ చేసి, రూట్ పార్టిషన్ మౌంట్ కాకుండా ఉండగా ‘సుడో ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2’ ఒకసారి నడపండి. పార్టిషన్ అంకె మీది ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’లో చూసుకుని వేసుకోండి.

ప్రతిసారీ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ దగ్గరే ఆగుతుంటే

మీది ఒక్కోసారి అన్నారు కాబట్టి పై దారి రాశాను. ప్రతిసారీ, కొత్త కెర్నల్‌లో మాత్రమే ఆగేవాళ్లకి కారణం తరచుగా ఇంకా సాదాసీదాది: /బూట్ నిండిపోవడం. /బూట్ విడి పార్టిషన్‌గా ఉన్న సిస్టమ్‌లలో, ముఖ్యంగా ఎన్‌క్రిప్షన్‌తో ఇన్‌స్టాల్ చేసినవాటిలో, మూడు కెర్నళ్లు చేరేసరికి చోటు అయిపోతుంది. కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సగం రాసి ఆగిపోతుంది. అప్‌డేట్ జరిగేటప్పుడు ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని ఒక వరస పైకి జారిపోయి ఉంటుంది, ఎవరూ చూడరు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అసలే లేకపోతే ప్రాంప్ట్ కూడా రాదు, ‘అన్‌నోన్-బ్లాక్(0,0)’ అంటూ కెర్నల్ ప్యానిక్ అవుతుంది.

పాత కెర్నల్‌తో లోపలికొచ్చి ‘డీఎఫ్ -హెచ్ /బూట్’ చూడండి. నిండి ఉంటే, ఇప్పుడు నడుస్తున్నదీ సరికొత్తదీ ఉంచి మిగతా పాతవి ఆప్ట్‌తో తీసేయండి. /బూట్‌లో ఫైళ్లని చేత్తో చెరిపితే ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీకి లెక్క తప్పుతుంది. తర్వాత ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’, ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ -కే ఆల్’, ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ వరసగా.

ప్రాంప్ట్ దగ్గర ఉన్నప్పుడు రెండే చూడండి: ‘ఎల్ఎస్ /డెవ్/ఎన్‌వీఎంఈ*’, ‘బీఎల్‌కేఐడీ’. డ్రైవ్ కనిపించి, గ్రబ్ అడిగిన యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) కూడా ఉంటే డ్రైవ్ ఆలస్యంగా లేచింది. ‘ఎగ్జిట్’ కొడితే బూట్ ముందుకు సాగుతుంది, ‘రూట్‌డిలే=10’ పెడితే సరిపోవచ్చు. డ్రైవే లేకపోతే ‘డీమెస్‌జీ’లో ఎన్‌వీఎంఈ వరసలు చూడండి. ఒక్క వరసా లేకపోతే ఎన్‌వీఎంఈ మాడ్యూల్ (కెర్నల్‌లో డ్రైవర్ ముక్క) రాలేదు, లేదా డ్రైవ్ ఇంటెల్ వీఎండీ (డ్రైవ్‌లని తన చేతిలోకి తీసుకునే ఇంటెల్ ఏర్పాటు) వెనక ఉండి వీఎండీ మాడ్యూల్ రాలేదు. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్‌లో బయోస్‌లో వీఎండీని ఉన్నపళంగా ఆపేయకండి, లైనక్స్ లేస్తుంది గానీ విండోస్ బూట్ ఆగిపోతుంది.

‘గ్లోబల్లీ డూప్లికేట్ ఐడీస్’ అని ఉంటే అది పూర్తిగా వేరే కథ. రెండు చవక డ్రైవ్‌లు ఒకే గుర్తింపు సంఖ్యతో వచ్చాయి. 5.18 నుంచి కెర్నల్ దీన్ని పట్టుకుని రెండోదాన్ని తిరస్కరించేది, 6.5 దగ్గర పట్టు సడలించారు. 6.5 కన్నా పాత కెర్నల్‌లో ఇది వస్తే కొత్తదానికి మార్చడమే దారి.

హార్డ్‌వేర్ వైపు

ఖాళీగా ఉన్నప్పుడు కాకుండా పెద్ద కాపీల్లోనే పడిపోతుంటే నిద్ర సంగతి వదిలేయండి. కాపీ జరుగుతుండగా స్మార్ట్-లాగ్‌లో ఉష్ణోగ్రత చూడండి. డీమెస్‌జీలో ‘పీసీఐఈ బస్ ఎర్రర్’, ‘ఫిజికల్ లేయర్’ అని కుప్పలుగా వస్తుంటే కాంటాక్టు సరిగా లేకపోయి ఉండొచ్చు. ఛార్జర్ తీసి, బయోస్‌లో బ్యాటరీ డిస్‌కనెక్ట్ ఆప్షన్ ఉంటే వాడి, లేదా లోపల బ్యాటరీ ప్లగ్గు పీకి, స్క్రూ విప్పండి. డ్రైవ్ ఏటవాలుగా పైకి లేస్తుంది, ఆ వాలులోనే బయటికి లాగాలి. బంగారు అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, అదే వాలులో చివరంటా దోపి కిందికి నొక్కి బిగించండి. స్క్రూ సరిగా కూర్చోకుండా డ్రైవ్ పైకి వంగి ఉంటే వేడెక్కినప్పుడు కాంటాక్టు వదిలేస్తుంది.

పాత కెర్నల్‌లోనూ పడిపోయి, శుభ్రం చేసి దోపినా మారక, ఇంకో కంప్యూటర్‌లోనూ అదే వరస వస్తే, లేదా మీడియా ఎర్రర్స్ రోజురోజుకీ పెరుగుతుంటే, అప్పుడు వారంటీకి పంపండి. కొత్త డ్రైవ్ వస్తుంది, పాత డేటా రాదు.

ఏ పారామీటర్‌తో ఆగిందో తేలాక ‘ఉబుంటు-బగ్ లైనక్స్’తో రిపోర్ట్ పెట్టండి. ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్’లో డ్రైవ్ పక్కన బ్రాకెట్లో ఉండే నాలుగేసి అక్షరాల రెండు ఐడీలు, ‘ఎన్‌వీఎంఈ లిస్ట్’లో ఉన్న ఫర్మ్‌వేర్ వెర్షన్, బాగున్న కెర్నల్, చెడ్డ కెర్నల్ నంబర్లు, సీఎస్‌టీఎస్ వరస, పనిచేసిన పారామీటర్ ఇవన్నీ ఉండాలి. మినహాయింపుల పట్టికలోకి ఒక డ్రైవ్ చేరాలంటే ఆ రెండు ఐడీలు లేకుండా కుదరదు. అవి ఇక్కడ కూడా రాయండి, ఎన్‌వీఎంఈ ఐడీ-సీటీఆర్ఎల్ చివరి పీఎస్ వరసలతో పాటు. సున్నాకి బదులు ఏ అంకె పెట్టాలో వాటిని చూసి చెప్తాను.